కిందికి దించిన పాత కారు ఎత్తును తక్కువ ఖర్చుతో సరిచేసుకోవడం ఎలా?

కారు అడుగు భాగం ప్రతి గతుకుకీ గీసుకుంటోందని కొందరు, ఒక మూల కుంగినట్టు కనిపిస్తోందని కొందరు, వెనక సీట్లో మనుషులు కూర్చుంటే టైరు మడ్‌గార్డ్‌కి రాసుకుంటోందని ఇంకొందరు అడుగుతూనే ఉన్నారు. వీళ్ళలో చాలామంది అడిగే సమయానికే స్పేసర్లో (ఎత్తు పెంచడానికి మధ్యలో పెట్టే దిమ్మెలు), కొత్త స్ప్రింగులో కొనేసి ఉంటారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే. పాత కారు ఎత్తు సమస్యల్లో చాలావాటికి అసలు కారణం టేపుతో కొలిస్తేనే తెలుస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో మూడో వంతు కొలతల గురించే ఉంటుంది. ఆ భాగం దాటేసి స్పానర్ పట్టుకోకండి.

1. కొలవడానికి చోటు, కారు సిద్ధం చేసుకోవడం

నేల సమంగా ఉందో లేదో కంటితో చెప్పలేం. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన ట్యూబులో నీళ్ళు నింపి, నాలుగు చక్రాలు ఆనే చోట్లా మట్టం చూడండి. తేడా ఉన్న చోట పలుచని చెక్కో, పాత ఫ్లోర్ టైల్ ముక్కో టైరు కింద పెట్టండి. ఆ నాలుగు చోట్లా పెయింటుతో గుర్తు పెట్టుకుంటే మళ్ళీ కొలిచినప్పుడు కారు అక్కడే ఆపొచ్చు.

కొలిచే ముందు:

- నాలుగు టైర్లలో కంపెనీ చెప్పిన గాలి ఉందా?
- ఒకే ఇరుసు మీది రెండు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదలతో ఉన్నాయా?
- డిక్కీలో అనవసరమైన బరువు తీసేశారా?
- ట్యాంకులో ఇంధనం ఎంత ఉందో రాసుకున్నారా? పని అయ్యాక కొలిచేటప్పుడూ అంతే ఉండాలి.
- ఎక్కువగా ఒంటరిగా నడిపేవారైతే డ్రైవర్ సీట్లో మీ బరువుకు సమానమైన బస్తా పెట్టారా?

తర్వాత కారుని రెండు మూడు మీటర్లు వెనక్కీ ముందుకీ తోయండి. ఒక్కో మూలనూ చేత్తో నాలుగైదుసార్లు గట్టిగా కిందికి నొక్కి వదలండి. జాకీ మీంచి దించిన కారు వెంటనే తన అసలు ఎత్తుకి రాదు. టైర్లు నేలను పట్టుకుని ఉండటంతో సస్పెన్షన్ పైపైనే ఆగిపోతుంది. ఈ పని చేయకుండా కొలిస్తే సెంటీమీటర్లలో తేడా రావచ్చు.

2. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి?

నేల నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలవకండి. ఆ కొలతలో టైరు గాలి, అరుగుదల, సైజు అన్నీ కలిసిపోతాయి. చక్రం నడిమధ్య నుంచి, అంటే హబ్ మధ్య బిందువు నుంచి నిటారుగా పైకి మడ్‌గార్డ్ అంచు దాకా కొలవాలి. సస్పెన్షన్ ఎత్తుని నేరుగా చెప్పేది ఈ కొలతే.

పాత కారుకి ఎప్పుడైనా దెబ్బ తగిలి మడ్‌గార్డ్ మార్చి ఉంటే, అంచు పది మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండటం మామూలే. అందుకని ఇంకో కొలత కూడా తీసుకోండి. తలుపుల కింద జాకీ పెట్టే నాలుగు చోట్ల నుంచి నేలకి ఉన్న ఎత్తు. మడ్‌గార్డ్ కొలతలో తేడా ఉండి ఇక్కడ లేకపోతే స్ప్రింగుల తప్పేమీ లేదు, బాడీ పనే అలా ఉంది. దాన్ని స్పేసర్లతో కప్పిపుచ్చితే కారు నిజంగానే వంకరవుతుంది.

ప్రతి మూలనూ మూడుసార్లు కొలవండి, మధ్యలో కారుని మళ్ళీ నొక్కి వదలండి. మూడు కొలతలూ రెండు మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటే మీ పద్ధతి సరిగ్గా ఉన్నట్టు. ఎడమ, కుడి తేడా 5 మి.మీ. లోపు ఉంటే దాని జోలికి వెళ్ళకండి.

3. కుంగిన మూల అసలు దోషి కాకపోవచ్చు

కారు బాడీ గట్టిగా ఉండే పెట్టె. ముందు కుడి స్ప్రింగు బలహీనపడితే దాని ప్రభావం వెనక మూలల్లోనూ కనిపిస్తుంది. కాబట్టి వెనక ఒక పక్క కిందికుందని అక్కడి స్ప్రింగు మార్చేయకండి. ముందు ఈ పరీక్ష చేయండి.

వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. ముందు క్రాస్‌మెంబర్ (కారు అడుగున అడ్డంగా ఉండే ఉక్కు దూలం) మధ్యలో, జాకీ పెట్టడానికి కంపెనీ అనుమతించిన చోట ట్రాలీ జాకీ పెట్టి, ముందు చక్రాలు నేల విడిచేంత మాత్రమే లేపండి. ఇప్పుడు ముందు భాగం ఒకే బిందువు మీద ఉంది కాబట్టి బాడీ అటూ ఇటూ స్వేచ్ఛగా వాలగలదు. వెనక ఎడమ, కుడి కొలతలు తీయండి. ఇప్పుడు సమంగా ఉంటే తేడా ముందు నుంచి వస్తోందన్నమాట. ఇంకా తేడా ఉంటే లోపం వెనకే ఉంది. తర్వాత వెనక్కి వెళ్ళి అలాగే లేపి ముందు కొలవండి. కారు జాకీ మీద ఉన్నంతసేపూ కిందికి దూరకండి. ఈ కొలతలన్నీ బయట నుంచే తీయొచ్చు.

లోపం ఏ ఇరుసు దగ్గరో తేలాక టార్చి లైటుతో చూడాల్సినవి:

- స్ప్రింగు చివరి చుట్టు విరిగిందా? పాత కార్లలో ఎక్కువగా కింది సీటు (స్ప్రింగు కూర్చునే పళ్ళెం) దగ్గర, తుప్పు చేరిన చోట విరుగుతుంది. ముక్క సీట్లోనే ఇరుక్కుపోతే పైకి కనపడదు. రెండు వైపులా చుట్లు లెక్కపెట్టి పోల్చండి.
- స్ప్రింగు సీటు రబ్బరు నలిగిపోయిందా, అసలు లేకుండానే పోయిందా?
- స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పై మౌంటు రబ్బరు కుంగిందా?
- ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీ) కీలు దగ్గరి రబ్బరు బుష్‌లు చిరిగాయా?

షాక్ అబ్జార్బర్ పోయింది కాబట్టి కారు కుంగిందని చాలామంది అనుకుంటారు. మామూలు షాక్ అబ్జార్బర్ కారు బరువుని మొయ్యదు, ఊపుని ఆపుతుందంతే. బరువంతా స్ప్రింగు మీదే. ఎత్తు కోసం షాక్‌లు మార్చడం డబ్బు దండగ.

చాలా కార్లలో పని ఇక్కడితోనే అయిపోతుంది. నలిగిన సీటు రబ్బర్లు రెండు వైపులా కొత్తవి వేస్తే పోయిన ఎత్తు తిరిగొస్తుంది.

4. ఎంత పెంచాలో లెక్క వేయడం

స్ప్రింగు చక్రానికి ఎంత దగ్గరగా ఉందన్నదే ఈ లెక్కకి ఆధారం. ముందు స్ట్రట్ ఉన్న కార్లలో స్ట్రట్ పైన 10 మి.మీ. స్పేసర్ వేస్తే ఎత్తు సుమారు 10 మి.మీ. పెరుగుతుంది. వెనక ఆర్మ్ మీద స్ప్రింగు విడిగా కూర్చుంటే లెక్క వేరు. ఆర్మ్ కీలు నుంచి స్ప్రింగు మధ్యకి 30 సెం.మీ., కీలు నుంచి చక్రం మధ్యకి 45 సెం.మీ. అనుకోండి. అప్పుడు స్ప్రింగు కింద పెట్టిన 10 మి.మీ. ప్యాకింగు చక్రం దగ్గర 15 మి.మీ. అవుతుంది. ఇది తెలియక 30 మి.మీ. కావాలని 30 మి.మీ. దిమ్మె కొని, వెనక భాగం గాల్లోకి లేచాక ఆశ్చర్యపోతారు.

స్పేసర్లతో 20 నుంచి 25 మి.మీ. దాటి లేపాలంటే మాత్రం ఆగండి. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఉన్న స్ప్రింగు మీకు తగినది కాదని అర్థం. అప్పుడు స్ప్రింగే మార్చాలి.

5. మీ కారుకి ఏ దారి చవక?

*టోర్షన్ బార్ (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) ఉన్న కార్లు.* ఎత్తు సరిచేసే బోల్టు ఉన్న రకమైతే మీ అదృష్టం, పార్టు ఖర్చు సున్నా. ఇప్పుడున్న స్థానానికి పెయింటు గుర్తు పెట్టి, కారు లేపి బార్ మీద బరువు తీసేసి, రెండు వైపులా సగం చుట్టు చొప్పున తిప్పి, దించి కొలవండి.

*కమాన్లు, అంటే లీఫ్ స్ప్రింగులు ఉన్న వెనక భాగం.* దిమ్మెలు పెట్టి దించి ఉంటే పలుచని దిమ్మెలకి మారడమే సులువు. యూ బోల్టులు మాత్రం పాతవి మళ్ళీ వాడకండి, ఒకసారి బిగించి సాగినవి పట్టు ఇవ్వవు. దిమ్మె మీద దిమ్మె పేర్చడం ప్రమాదం.

*మరలున్న కాయిల్‌ఓవర్లు (షాక్ చుట్టూ స్ప్రింగు ఉండి, మర తిప్పి ఎత్తు మార్చుకునే రకం) ఇప్పటికే ఉంటే.* కాలర్ (స్ప్రింగు కింద ఆనే మర రింగు) తిప్పితే సరిపోతుంది, తుప్పు పట్టకుండా ఉంటే. దాని గురించి 8వ భాగంలో చూడండి.

*దించిన స్ప్రింగులు వేసి ఉంటే.* ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. అదే మోడల్‌కి కంపెనీ వేసిన మంచి పాత స్ప్రింగులు దొరికితే వాటిని మించింది లేదు. అదే బాడీతో బరువైన ఇంజిన్ వెర్షన్‌కి వచ్చిన స్ప్రింగులు ఇంకొంచెం ఎత్తు ఇస్తాయి. కొనే ముందు తీగ మందం వెర్నియర్‌తో కొలవండి. స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మిగతావన్నీ ఒకేలా ఉండి 12 మి.మీ. తీగ స్థానంలో 13 మి.మీ. వస్తే బిగువు దాదాపు 38 శాతం పెరిగినట్టే. కంటికి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు కారుని రెండు రకాలుగా నడిపిస్తాయి. ఎప్పుడూ జతగానే మార్చాలి.

*కొంచెమే కావాలంటే.* స్ట్రట్ పై స్పేసర్లు, లేదా మందమైన సీటు రబ్బర్లు. స్ట్రట్ పై స్పేసర్ వేసినప్పుడు స్టడ్డు మర నట్టు దాటి బయటికి కనిపించాలి. కనిపించకపోతే పొడవైన స్టడ్లు కావాల్సిందే, నట్టు సగం పట్టిందిలే అని వదిలేయకండి.

వద్దని చెప్పేవి రెండున్నాయి. స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు ముక్కలు చవకే, కానీ అవి కొన్ని చుట్లను పని చేయనివ్వవు. బరువంతా మిగతా చుట్ల మీద పడి అవి విరుగుతాయి. రెండోది, మంటతో వేడి చేసి దించిన స్ప్రింగులు. వాటి ఉక్కు స్వభావమే మారిపోయి ఉంటుంది. వాటి కింద ఏ ప్యాకింగు పెట్టినా ఉపయోగం లేదు, తీసి పడేయండి. స్ప్రింగుకి వెల్డింగ్ అసలు వద్దు.

6. పనికి ముందు రోజు

తుప్పు వదిలించే నూనెని స్ట్రట్ కింది బోల్టులు, యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు వాలకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ) లింకుల నట్లు, ఆర్మ్ బోల్టుల మీద ముందు రోజు సాయంత్రమే కొట్టండి. ముందు వైర్ బ్రష్‌తో మర శుభ్రం చేసి కొడితేనే లోపలికి దిగుతుంది. బ్రేక్ డిస్కు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

గోడకి ఎదురుగా ఒక నిర్ణీత దూరంలో కారు నిలిపి, హెడ్‌లైట్ వెలుగు పై గీత ఎక్కడుందో గోడ మీద టేపు అంటించండి. ఇది తర్వాత పనికొస్తుంది.

దగ్గర ఉండాల్సినవి:

- ట్రాలీ జాకీ, సరైన బరువు మోసే స్టాండ్లు రెండు, చక్రాలకి దిమ్మెలు
- మంచి స్ప్రింగు కంప్రెసర్ జత (ఇది అద్దెకి తెచ్చుకున్నా ఫర్వాలేదు, నాసిరకం మాత్రం వద్దు)
- టార్క్ రెంచి, మీ మోడల్ టార్క్ అంకెలు
- కొత్త లాక్ నట్లు
- కళ్ళద్దాలు, చేతి తొడుగులు

7. స్ట్రట్ విప్పి స్పేసర్ లేదా స్ప్రింగు మార్చే వరుస

1) చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయండి. తర్వాత ముందు భాగం లేపి, రెండు స్టాండ్ల మీద కూర్చోబెట్టి, కారుని చేత్తో ఊపి చూడండి. కదిలితే మళ్ళీ సర్దండి.

2) యాంటీ రోల్ బార్ లింకు రెండు వైపులా విప్పండి. ఒక వైపే విప్పితే బార్ మెలి తిరిగి రెండో వైపు ఆర్మ్‌ని లాగుతుంది.

3) స్ట్రట్‌కి బిగించిన బ్రేక్ గొట్టం, ఏబీఎస్ తీగ విడదీయండి. క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లు పట్టుకునే భాగం) విప్పాల్సి వస్తే తీగతో కట్టి వేలాడదీయండి, గొట్టం మీద బరువు పడకూడదు.

4) స్ట్రట్, హబ్ కలిసే చోట బోల్టు తల చుట్టూ గీత గీయండి. క్యాంబర్ (చక్రం నిటారు నుంచి పక్కకి వాలే కోణం) చాలావరకు పాత చోటికే వస్తుంది.

5) పై నట్లు మూడో నాలుగో విప్పి స్ట్రట్ బయటికి తీయండి. మధ్యలో ఉండే పెద్ద నట్టుని మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. స్ప్రింగు బలమంతా పట్టుకుని ఉన్నది ఆ ఒక్క నట్టే.

6) పై స్పేసర్ మాత్రమే వేసేవాళ్ళు స్ప్రింగు విప్పక్కర్లేదు. స్పేసర్ పెట్టి నేరుగా 9వ మెట్టుకి వెళ్ళండి.

7) స్ప్రింగు మార్చేవాళ్ళు కంప్రెసర్లు రెండూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, వీలైనన్ని ఎక్కువ చుట్లు కొక్కేల మధ్యకి వచ్చేలా చూడండి. రెండింటినీ మార్చి మార్చి రెండేసి చుట్లు బిగించండి. ఇంపాక్ట్ గన్ వాడకండి. స్ప్రింగు సీటులో వదులుగా తిరిగాకే మధ్య నట్టు విప్పండి. మీ ముఖం ఎప్పుడూ స్ట్రట్ పక్కనే ఉండాలి, దాని కొనకి ఎదురుగా కాదు. ఇందులో ఏ మాత్రం టెన్షన్ అనిపించినా ఈ ఒక్క మెట్టు మెకానిక్ దగ్గర చేయించుకోండి. స్ట్రట్ విప్పి పట్టుకెళ్తే కూలి చాలా తగ్గుతుంది.

8) కొత్త స్ప్రింగు చివర సీటులో ఉన్న మెట్టుకి ఆనాలి. వేలు పెట్టి తడిమి చూడండి. ఆనకుండా బిగిస్తే మొదటి మలుపులోనే "టంగ్" మని శబ్దం చేస్తూ జారి కూర్చుంటుంది, కారు ఎత్తూ మారిపోతుంది.

9) స్ట్రట్ తిరిగి పెట్టి, గీసిన గీతలు కలిపి, స్ట్రట్ బోల్టులు చెప్పిన టార్క్‌కి బిగించండి. రబ్బరు బుష్‌లున్న ఆర్మ్ బోల్టుల్ని కదిపి ఉంటే వాటిని మాత్రం ఇప్పుడు పూర్తిగా బిగించకండి.

ఈ చివరి మాట గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆర్మ్ బుష్‌లో లోపలి ఇనుప గొట్టం బోల్టుతో కదలకుండా బిగుసుకుంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో కదులుతుంది, మధ్యలో రబ్బరు మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఆ స్థానమే రబ్బరుకి సహజ స్థానం అవుతుంది. కారు దించగానే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది. దాంతో కారు ఉండాల్సిన దాని కన్నా కొంచెం ఎత్తులో నిలబడి, కొన్నాళ్ళకి రబ్బరు చిరిగి మళ్ళీ కుంగుతుంది. కాబట్టి చక్రాలు బిగించి, బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టులు బిగించాలి. చెయ్యి దూరకపోతే చక్రాలు ర్యాంపు మీదికి ఎక్కించి బిగించండి. ఎత్తు తగ్గించినా పెంచినా, ఎత్తు మారిన ప్రతిసారీ వీటిని ఒకసారి వదులు చేసి కొత్త ఎత్తులో బిగించడం మంచిది.

8. బిగుసుకుపోయిన కాలర్లు

పాత కాయిల్‌ఓవర్లలో మరల నిండా మట్టి, తుప్పు చేరి కాలర్ కదలదు. సుత్తితో కొడితే కాలర్ పళ్ళు పోతాయి. ఇలా చేయండి:

- కారు లేపి స్ప్రింగు మీద బరువు తీసేయండి.
- కాలర్ ఏ వైపు కదలాలో ఆ వైపున్న మరలను ముందు శుభ్రం చేయండి. ఇత్తడి బ్రష్ అయితే మర చెడదు.
- నూనె కొట్టి కొన్ని గంటలు వదిలేయండి.
- కింది లాక్ కాలర్‌ని ముందు వదులు చేయండి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.
- సీ ఆకారపు స్పానర్‌తో కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ ఆడించండి. ఒకే వైపు బలవంతం చేస్తే తుప్పు మరలో ఇరుక్కుంటుంది.

కదిలాక ఐదు చుట్లు తిప్పి, దించి, నొక్కి కొలవండి. ఒక చుట్టుకి మీ కారులో ఎంత ఎత్తు మారుతుందో అలా తేలుతుంది. ఆ తర్వాత లెక్క ప్రకారం తిప్పొచ్చు. కాలర్ పైకి తెచ్చేకొద్దీ చక్రం కిందికి సాగే దూరం తగ్గుతుంది. గతుకు దాటి చక్రం కిందికి సాగినప్పుడు "ఠక్" మంటే మరీ పైకి తెచ్చారని అర్థం. తిరగేసి చూస్తే, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు చేతికి వదులుగా ఊగితే అదీ ప్రమాదమే, అది సీటు నుంచి తప్పుకోవచ్చు.

9. దించాక చూసుకోవాల్సినవి

మొదట 1, 2 భాగాల్లో చెప్పినట్టే కొలవండి. కొలతలు నచ్చితే నెమ్మదిగా కొంత దూరం నడిపి వచ్చి మళ్ళీ కొలవండి.

షాక్ రాడ్ ఎంతవరకు దిగుతోందో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్లాస్టిక్ కట్టు టై చాలు. రాడ్ కనిపించే చోట చుట్టూ బిగించి, షాక్ బాడీకి ఆనేలా కిందికి జరపండి. గతుకులున్న దారిలో మామూలుగా నడిపి వచ్చి చూస్తే, టై ఎంత పైకి జరిగిందో అంతవరకు రాడ్ దిగినట్టు. టై బంప్ స్టాప్‌కి (షాక్ పూర్తిగా దిగిపోకుండా ఆపే రబ్బరు) నొక్కుకుని ఉంటే ఇంకా ఎత్తు చాలలేదు, లేదా స్ప్రింగు మెత్తగా ఉంది. బంప్ స్టాప్ తీసేసి దూరం సంపాదించాలని చూడకండి.

ఎత్తు మారితే వీటన్నిటి మీదా ప్రభావం పడుతుంది:

- టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్. అలైన్‌మెంట్ తప్పనిసరి. దగ్గరి దారే అయినా అక్కడిదాకా వెళ్ళడానికి, ముందు టైర్ల ముందు అంచుల మధ్య దూరం, వెనక అంచుల మధ్య దూరం హబ్ ఎత్తులో కొలిచి చూసుకోండి. రెండింటికీ పెద్ద తేడా ఉంటే నడపకండి.
- బ్రేక్ లోడ్ వాల్వ్. చాలా పాత కార్లలో వెనక ఇరుసుకి కడ్డీతోనో స్ప్రింగుతోనో కలిపిన వాల్వ్ ఉంటుంది. వెనక ఎత్తుని బట్టి అది వెనక బ్రేకుల ఒత్తిడి నిర్ణయిస్తుంది. కారు దించినప్పుడు దాన్ని సర్దకపోతే బరువు ఎక్కిందనుకుని వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే పట్టేస్తాయి. మీరు ఇప్పుడు లేపితే దీనికి వ్యతిరేకం. కంపెనీ కొలత ప్రకారం సర్ది, బ్రేక్ టెస్టర్ మీద చూపించండి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.
- బ్రేక్ గొట్టాలు. చక్రం వేలాడినప్పుడు, స్టీరింగ్ రెండు చివర్లకీ తిప్పినప్పుడు గొట్టం బిగుసుకోకూడదు.
- హెడ్‌లైట్లు. గోడ మీది టేపుతో పోల్చి సర్దండి.
- యాంటీ రోల్ బార్. లింకులు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు బలవంతం లేకుండా అమరాలి. ఒక వైపు లాగి బిగించాల్సి వస్తే ఎడమ, కుడి ఎత్తుల్లో ఇంకా తేడా ఉంది.

10. తప్పులు, వాటికి విరుగుడు

*ఒక పక్క ఇంకా 10 మి.మీ. కిందికుంది.* ఆ పక్క ప్యాకింగు పెంచే ముందు యాంటీ రోల్ బార్ లింకులు విప్పి కొలవండి. సమం అయితే తప్పు లింకులదే. కాకపోతే 3వ భాగంలోని జాకీ పరీక్ష మళ్ళీ చేయండి.

*పని అయ్యాక స్టీరింగ్ ఒక పక్కకి లాగుతోంది.* ముందు టైర్ల గాలి చూడండి, తర్వాత అలైన్‌మెంట్. అలైన్‌మెంట్‌కి ముందే ఎత్తు ఖరారు చేసుకోవాలి, లేకపోతే రెండుసార్లు డబ్బు కట్టాలి.

*స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు దగ్గర మోత.* స్ప్రింగు చివర సీటు మెట్టుకి ఆనలేదు, లేదా పై మౌంటు బేరింగ్ తిరగట్లేదు. విప్పి చూడాల్సిందే.

*గతుకుల్లో స్టీరింగ్ దానంతటదే కదులుతోంది.* టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ), కింది ఆర్మ్ కోణాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. కారు ముందు వైపు నుంచి చూడండి. దించిన కారులో రెండూ పైకి వాలి ఉంటాయి. కంపెనీ ఎత్తుకి దగ్గరయ్యేకొద్దీ ఇది తగ్గుతుంది.

*కొన్ని వారాలకే ఎత్తు తగ్గింది.* కొత్త స్ప్రింగులు, రబ్బర్లు కొద్దిగా సర్దుకోవడం సహజం. అందుకే అలైన్‌మెంట్‌కి ముందు వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి సర్దుకోనివ్వండి, టో మరీ తప్పి ఉంటే మాత్రం ఆగకండి. ఐదు వందల కిలోమీటర్ల దగ్గర మళ్ళీ కొలిచి, విప్పిన ప్రతి బోల్టునీ టార్క్ రెంచితో సరిచూడండి. మొదటి కొలతలు రాసిన కాగితంలోనే కొత్త అంకెలూ తేదీతో సహా రాసి డాష్‌బోర్డ్ పెట్టెలో ఉంచండి. ఆరు నెలల తర్వాత ఒక మూల మళ్ళీ కుంగితే, ఎప్పుడు ఎంత తగ్గిందో చూడటానికి ఆ కాగితమే ఆధారం.